మేక నాటిన చెట్టు

యతెంగాలో మా బావగారు నొరాగో
నాకిచ్చిన నేలని అందరూ బోడి నేల అంటారు.
గుండు మీద పోసిన నీళ్ళలా
వాన జారిపోయే చోటు.
"దున్నుకో టిపోకో, నీ ఓపిక" అన్నారు.
ఉదారంగానే అన్నారు.
గడ్డిపరక కూడా వద్దన్న దాన్ని ఇచ్చెయ్యడానికి
ఎంత ఉదారత కావాలో
అంత.

ఒకటే షరతు.
చెట్టు మాత్రం నాటకూడదు.
జొన్న వేసుకో, అలసంద వేసుకో,
కోసుకున్నాక మళ్ళీ వట్టి నేలే, గొడవ లేదు.
చెట్టయితే నిలబడుతుంది.
నిలబడ్డది సాక్ష్యం చెబుతుంది.

గుంటల సేద్యం నేర్పుతానని
పట్నం నుంచి మోటారుసైకిలు మీద ఒకాయన వచ్చాడు.
ఇంటి యజమానులు రావాలని చాటింపు.
వాళ్ళు బల్లల మీద కూర్చున్నారు.
నేను సజ్జపిండి కలిపిన నీళ్ళు పంచడానికి వెళ్ళాను.
మోచేతి లోతు తవ్వాలి, అన్నప్పుడు ముందువరసలో ఉన్నాను.
గుంటకి రెండు గుప్పిళ్ళ పెంట, అన్నప్పుడు రెండోవరసలో.
చెదపురుగుల్ని చంపకండి, అవే మీ నాగలి, అన్నాడు.
అక్కడ కావాలనే ముంత ఒలకబోశాను.
తుడుస్తూ తుడుస్తూ మిగతాది విన్నాను.

హాజరుపట్టీలో నా పేరు లేదు.
పేరున్నవాళ్ళలో ఇద్దరు నిద్రపోయారు.

ఎండుగాలి నెలల్లో తవ్వాను.
తెల్లారకముందు నా చేను,
తెల్లారాక మా ఆయన చేను,
పొద్దువాలాక, వెన్నెలుంటే, మళ్ళీ నాది.
మధ్యలో నీళ్ళు, పొయ్యి, వీపున రస్మాతా.
పార కర్ర ఎవరో పొడుగాటి మగాడి చేతికి కొలిచింది.
రెండో వారం దాన్ని జానెడు కోసేశాను.
"పాడుచేశావ్" అన్నాడు మా ఆయన.
పార ఏమీ అనలేదు, తవ్వింది.

ఆవులు ఆయనవి, మేకలు బావగారివి,
మోసే గాడిదబండి ఇంకొకరిది.
పేడకి కూడా యజమానులుంటారని
పుట్టింట్లో నాకెవరూ చెప్పలేదు.

అప్పు కోసం వెళితే సంఘం గుమస్తా
నా భుజం మీంచి వాకిలి వైపు చూశాడు,
వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని.
ఎవరూ రావడం లేదు.
"నేల కాగితం?" అన్నాడు.
గోళ్ళలో ఉన్న నేల చూపించాను.
నవ్వాడు. మంచివాడే. టీ తాగించి పంపాడు.

మొదటి ఏడు ఒక గంపెడు.
రెండో ఏడు చెదలు వచ్చాయి.
రాత్రంతా కింద సన్నటి దార్లు వేశాయి,
వాన వాటిలో దిగి కూర్చుంది.
ఆ ఊళ్ళో నన్ను ఎవరి భార్యవని అడక్కుండా
పనిలోకి దిగినవి అవే.
మూడో ఏడు జొన్న నా తల దాటింది.

ఆ ఏడే బావగారు మా గట్టు మీద నడవడం మొదలుపెట్టారు,
చేతులు వెనక్కి కట్టుకుని,
మరిచిన సంగతేదో గుర్తుకొస్తున్నట్టు.
ఒక గుంట దగ్గర ఆగారు.
జొన్న మొదట్లో తుమ్మ మొక్క, మోకాలెత్తు.

"చెట్టు వద్దన్నానా?"
"నేను నాటలేదు."
"మరెవరు?"
"కాయ తిన్నది మేక,
మోసుకొచ్చింది మేక,
ఎరువు వేసి మరీ పెట్టింది మేక.
మేక మీదే."

చేను మొత్తంలో పదకొండు మొక్కలు.
ఆయన లెక్కపెట్టుకున్నారు.
ఒకటి పీకుదామని వంగి
బొటనవేలు నోట్లో పెట్టుకుని లేచారు.

కోత అయ్యాక నేల అడిగారు. కొడుకు వేరు పడుతున్నాడట.
ఇచ్చాను.
ఇచ్చాను అనడం పెద్దమాట,
ఇవ్వడానికి నాదై ఉండాలిగా.
"వాగు అవతల ఇంకో బోడి నేలుంది,
తీసుకో టిపోకో, నీకు చెయ్యి తిరిగిందిగా."

తిరిగింది, నిజమే.
ఈ ఉదయం పొట్టి పార, బుట్ట తీసుకుని
మేకల దొడ్డికి వెళ్ళాను.
నిన్న ఏ మేక ఏ చెట్టు కాయలు మేసిందో
రస్మాతా వేలుపెట్టి చూపించింది.

ఆ పెంటే ఎత్తుకున్నాను.